బిగుసుకుపోతోందా, తూలుతోందా? ముసలి గుర్రం వెనక కాళ్లకు ఏ దారి ఎంచుకోవాలి

చుక్కకు ఇప్పుడు 19 ఏళ్లు. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని ఆ పేరు. రేసులు మానేసిన థరోబ్రెడ్ ఆడగుర్రం. ఏడేళ్లుగా నా దగ్గరే, బెంగళూరు దాటాక దేవనహళ్లి వైపు ఒక లాయంలో ఉంటోంది. రెండేళ్లుగా చలికాలం పొద్దున్నే వెనక కాళ్లు కట్టెల్లా వేసేది, కాసేపు నడిస్తే సర్దుకునేది. వయసు కదా అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. నొప్పి పొడి దాణాలో కలిపి పెడుతూ వచ్చాను.

పోయిన అక్టోబరులో ఒక పొద్దున దాన్ని స్టాల్‌లోంచి బయటికి తిప్పుతుంటే ఎడమ వెనక కాలు వచ్చి కుడి గిట్ట మీద పడింది. తన కాలు తనే తొక్కుకుంది. నేను ఇంకో పొడి పొట్లం కోసం చూస్తున్నాను. మా సైస్, అంటే గుర్రాన్ని చూసుకునే ఆయన, కదిరి వైపు మనిషి, ముప్పై ఏళ్లుగా గుర్రాలతోనే ఉన్నాడు. ఆయన పగ్గం నా చేతికిచ్చి వెనక్కి వెళ్లి నిలబడి చూసి, "అక్కా, ఇది నొప్పి నడక గాదు. తూలతాంది" అన్నాడు.

ఆ రెండు మాటల మధ్య తేడా నాకు ముందే తెలిసుంటే మూడు వారాలు మిగిలేవి. ముసలి గుర్రానికి ఏ మందు, ఏ లాడం, ఏ విశ్రాంతి అని అడిగేవాళ్లు అందరికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. నొప్పి వల్ల బిగుసుకుపోవడం ఒక దారి, నరాలు సరిగ్గా కబురు అందించక తూలడం ఇంకో దారి. మందులు వేరు, ఖర్చులు వేరు, ఎక్కొచ్చా లేదా అన్నది కూడా వేరు. చుక్క విషయంలో రెండూ ఉన్నాయని తర్వాత తేలింది.

నొప్పా, నరమా: ఇంటి దగ్గరే చూసుకోగలిగినవి

ఒక పారతో, దంతెతో పని మొదలుపెట్టండి. లాయం దగ్గర ఇసుక ఉన్న చోట ఇరవై అడుగుల పొడవున చదును చేసి దంతెతో గీయండి. గుర్రాన్ని దాని మీదుగా తిన్నగా, మామూలు నడకలో నడిపించండి. ఇప్పుడు అడుగుజాడలు చూడండి. నొప్పి ఉన్న గుర్రం అడుగు కురచ చేస్తుంది. కానీ ఆ కురచదనం ప్రతి అడుగులో ఒకేలా ఉంటుంది, లయ తప్పదు. తూలే గుర్రం జాడ అలా ఉండదు. ఒక అడుగు లోపలికి, ఇంకోటి బయటికి, ఒకటి ముందున్న గిట్ట జాడకు జానెడు దూరంలో పడితే తర్వాతిది దాని మీదే పడుతుంది. చుక్క ఎడమ గిట్ట మొన ఇసుకను గీరుకుంటూ వచ్చింది. ఆ గీత మూరెడు పొడవుంది.

రెండోది, చిన్న గుండ్రం. గుర్రం పక్కన నిలబడి తల మీ వైపు తిప్పుకుని చిన్న చుట్టు తిప్పండి. తూలే గుర్రానికి బయటివైపు వెనక కాలు అవసరానికి మించి దూరంగా ఊగుతూ వెళ్తుంది, లోపలి కాలు నేలకు మేకు కొట్టినట్టు ఉండిపోయి దాని మీదే తిరుగుతుంది. నొప్పి ఉన్న గుర్రం చిన్న చుట్టు ఇష్టపడదు, చిన్న చిన్న అడుగులు వేస్తుంది, అయినా కాలు ఎక్కడ పెట్టాలో దానికి తెలుసు.

మూడోది, వెనక్కి నడిపించడం. అయిదారు అడుగులు చాలు, కాలు ఎక్కడ పెట్టాలో దానికి తెలుస్తోందా అన్నదే ఇక్కడా చూడాల్సింది. నాలుగోది, తల కొంచెం పైకెత్తి పట్టుకుని చిన్న వాలు దిగడం. తల ఎత్తితే గుర్రం తన కాళ్లను చూసుకోలేదు, నరాల లోపం ఉంటే అక్కడ బయటపడుతుంది. అయిదోది తోక పరీక్ష. గుర్రం నడుస్తుండగా ఒకరు ముందు పట్టుకుంటే, ఇంకొకరు పక్కగా నడుస్తూ తోకను పక్కకు లాగుతారు. బలంగా ఉన్న గుర్రం ఎదురు లాగుతుంది. బలహీనమైనది మీ వైపు ఒరిగిపోతుంది. ఇది అలవాటు ఉన్నవాళ్లతోనే చేయించండి. గుర్రం ఇప్పటికే బాగా తూలుతుంటే వాలు, తోక పరీక్షలు డాక్టరుకే వదిలేయండి. 450, 500 కిలోల జంతువు పక్కకు పడితే కింద ఉన్న మనిషికి తప్పించుకునే చోటుండదు.

ఇవన్నీ ఫోన్లో వెనక నుంచి వీడియో తీయండి. లాయంలోంచి వచ్చిన మొదటి పది అడుగులు ఒకసారి, పావుగంట నడిచాక ఒకసారి. కీళ్ల అరుగుదల వల్ల వచ్చిన బిగువు రెండో వీడియోలో బాగా తగ్గుతుంది. నరాల తూలుడు తగ్గదు, అలిసిపోయే కొద్దీ పెరుగుతుంది కూడా. వారం పాటు నొప్పి మందు వేసినా మార్పే లేదంటే అదీ ఒక ఆధారమే. నా మూడు వారాల పొడి పొట్లాలు చెప్పింది అదే, నేను వినలేదు.

ఈ రెండింటిలోనూ ఇమడనివి మరికొన్ని ఉన్నాయి. వెనక కాలు చాచి తాళం పడినట్టు ఆగిపోయి, టక్కున విడిపోతే అది మోకాలి చిప్ప చిక్కుకోవడం. గుర్రంలో ఆ కీలును స్టైఫిల్ అంటారు, మన మోకాలికి సమానం. ఒక కాలు పొట్ట దాకా గభాల్న ఎగిరితే స్ట్రింగ్‌హాల్ట్. పని చేశాక పిరుదులు రాయిలా గట్టిపడి, చెమటలు పట్టి, మూత్రం కాఫీ రంగులో వస్తే కండరాలు దెబ్బతింటున్నట్టు. అప్పుడు నడిపించకూడదు, ఉన్న చోటే నిలబెట్టి డాక్టరును పిలవాలి.

ఆలస్యం చేయకూడనివి

గంటల్లో, రోజుల్లో ముదిరే వెనక కాళ్ల బలహీనతను వయసు ఖాతాలో వేయొద్దు. మన దగ్గర రేబిస్ ఉంది. కుక్క కరిచినట్టు ఎవరూ చూడకపోయినా, గుర్రం ఒక్కసారిగా వెనక కాళ్లు ఈడుస్తూ, నీళ్లు మింగలేకపోతుంటే నోట్లో చేయి పెట్టొద్దు, మందు తాగించొద్దు. జ్వరంతో పాటు తోక వేలాడిపోయి, మూత్రం చుక్కలుగా కారుతుంటే హెర్పిస్ వైరస్ కావచ్చు. దాన్ని మిగతా గుర్రాలకు దూరంగా కట్టేసి, ఆ బక్కెట్లు, బ్రష్షులు వేరు చేయాలి. ఇక మొత్తం శరీరం కొయ్యగుర్రంలా బిగుసుకుని, చెవులు నిక్కబొడుచుకుని, కంటి లోపలి మూల నుంచి తెల్లపొర అడ్డంగా వస్తుంటే అది ధనుర్వాతం. లాయం మేకులు, లాడం మేకులు గుచ్చుకునే చోట టెటనస్ టీకా వాయిదా వేయడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

మన నేల మీద ముందు అడగాల్సిన రెండు జబ్బులు

ఇంటర్నెట్లో వెతికితే తూలే గుర్రం గురించి మొదట కనిపించే పేరు ఈపీఎం, వెన్నుపాముకు పట్టే ఒక పరాన్నజీవి జబ్బు. అమెరికా సైట్లన్నీ దాని గురించే. అది ఒపోసమ్ అనే జంతువు పెంట ద్వారా వ్యాపిస్తుంది, ఆ జంతువు మన అడవుల్లో లేదు. అమెరికా నుంచి దిగుమతి అయిన గుర్రమైతే తప్ప దాని మందుల కోసం డబ్బు, టెన్షన్ ఖర్చు చేయడం దండగ.

మన దగ్గర అడగాల్సినది కుమ్రి. కమర్ అంటే నడుము, నడుము జబ్బు అని పాత రిసాలా (గుర్రపు దళం) మనుషులకు బాగా తెలిసిన పేరు. ఆవులు, గేదెల పొట్టలో సెటేరియా డిజిటాటా అనే తెల్ల దారం లాంటి పురుగు ఉంటుంది. వాటికి అది పెద్దగా హాని చేయదు. దాని పిల్లపురుగులను దోమ తీసుకొచ్చి గుర్రంలోకి ఎక్కిస్తే, అవి దారి తప్పి వెన్నుపాములోకి దూరతాయి. అవి తొలిచిన చోటును బట్టి కాలు లాగడం, నడుము ఊగడం, కొన్నిసార్లు ఏకంగా కూలబడిపోవడం. జ్వరం ఉండదు, మేత మానదు, కళ్లు చురుగ్గానే ఉంటాయి. అందుకే మనం మోసపోతాం. మా లాయం గోడ అవతలే పాల కేంద్రానికి పాలు పోసే రైతు ఆవుల కొట్టం ఉంది. ఆ ఏడాది వానలు ఆలస్యంగా వెళ్లాయి, సెప్టెంబరంతా దోమలే. ఈ రెండూ డాక్టరు అడిగేదాకా నా బుర్రకు తట్టలేదు.

కుమ్రిని నిర్ధారించే సులువైన రక్తపరీక్ష లేదు. గుర్రంలో పురుగు పూర్తిగా ఎదగదు కాబట్టి రక్తంలో దాని పిల్లలు దొరకవు. మిగతావి కావని తేల్చుకుని, ఊరు, కాలం, పక్కన ఆవులు చూసి అనుమానంతోనే వైద్యం మొదలుపెడతారు. ఐవర్‌మెక్టిన్, పాతరోజుల నుంచి వాడుతున్న డైఇథైల్‌కార్బమజైన్, దాంతో పాటు వాపు తగ్గించే మందు. పురుగు చచ్చినా అది చేసిన గాయం పూర్తిగా మానుతుందని ఎవరూ మాటివ్వలేరు, అందుకే మొదటి రోజుల్లో మొదలుపెట్టడం ముఖ్యం. ఐవర్‌మెక్టిన్ నోటి పేస్టుగానే ఇప్పించండి. ఆవుల కోసం చేసిన ఇంజెక్షన్ను గుర్రానికి పొడిస్తే ఆ చోట ప్రమాదకరమైన వాపులు వచ్చిన సందర్భాలున్నాయి.

రెండోది సర్రా. జోరీగలు మోసుకొచ్చే రక్తపు పరాన్నజీవి. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో దీన్ని మొదట చూశాడు. ఆయన పేరు మీదే ట్రిపనోసోమా ఎవాన్సీ. జ్వరం వచ్చి పోతుంటుంది, చిగుళ్లు పాలిపోతాయి, కాళ్ల కింద, పొట్ట కింద నీరు చేరుతుంది, ఒళ్లు తగ్గుతుంది, చివరికి వెనక భాగం ఊగుతుంది. రక్తపు స్లైడులో ఒకసారి కనిపించలేదంటే లేదని కాదు. జ్వరం ఉన్న రోజున తీసిన స్లైడులో దొరికే అవకాశం ఎక్కువ. అనుమానం గట్టిదైతే సీరం పరీక్షకు పంపిస్తారు, హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధనా కేంద్రం ఇలాంటి పనులకే ఉంది. మన దేశంలో గుర్రాలకు దీనికి వాడేది క్వినాపైరమిన్. ఆవులకు వాడే డైమినజీన్ చేతికి దగ్గరగా ఉంది కదా అని గుర్రానికి వేయనివ్వకండి, గుర్రాలు దాన్ని సరిగ్గా తట్టుకోలేవు.

కాబట్టి ఎక్స్‌రే ముందా, రక్తపరీక్ష ముందా అంటే, బెంగళూరు చుట్టుపక్కల, వానల తర్వాత, తూలుడు కొత్తగా వచ్చిన గుర్రానికి నేను రక్తపరీక్షే ముందంటాను. ఖర్చు తక్కువ, లాయంలోనే అయిపోతుంది, దొరికితే మందు ఉంది. ఏళ్లుగా నెమ్మదిగా పెరిగిన బిగువుకు మాత్రం ఎక్స్‌రే ముందు.

డాక్టరు లాయానికి రావడమా, గుర్రాన్ని తీసుకెళ్లడమా

హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది, మా వైపు నుంచి విమానాశ్రయం రోడ్డు మీద నేరుగా వెళ్లిపోవచ్చు. నడవగలిగిన, కీళ్ల నొప్పి మాత్రమే ఉన్న గుర్రానికి అలాంటి చోటికి వెళ్లడం మంచిదే, ఒకే రోజులో చాలా చూస్తారు. కానీ తూలే గుర్రాన్ని వ్యాన్ ఎక్కించడం నాకు ఇష్టం లేదు. ర్యాంపు మీద జారితే, ఫ్లైఓవర్ దిగేటప్పుడు బ్రేకు పడితే అది నిలదొక్కుకోలేదు. కాళ్ల ఎక్స్‌రే తీసే మిషన్ వెంట తెచ్చుకునే డాక్టర్లు ఉన్నారు, లాయానికే పిలిపించుకోండి. వయసు మీద పడ్డ గుర్రాల్లో మెడ కింది భాగంలో కీళ్లు అరిగి, ఎముక పెరిగి వెన్నుపామును నొక్కడం ఉంటుంది. దానికి మెడ ఎక్స్‌రే కావాలి, అది పెద్ద మిషన్ పని.

డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. కుంటుడును 0 నుంచి 5 దాకా గ్రేడు వేస్తారు, నరాల తూలుడునూ 0 నుంచి 5 దాకానే వేస్తారు. కుంటుడులో గ్రేడు 2 అంటే వైద్యంతో సర్దుకునే అవకాశం బాగానే ఉన్న సంగతి. తూలుడులో గ్రేడు 2 అంటే దాని మీద ఎవరూ ఎక్కకూడని సంగతి. "రెండే కదా" అని నేను ఊపిరి పీల్చుకున్నాను, ఏ కొలత అని అడగలేదు. మీరు అడగండి, చీటీ మీద రాయించుకోండి.

పరీక్షకు ముందు నొప్పి మందు ఎన్ని రోజులు ఆపాలో ఫోన్లోనే కనుక్కోండి. మందు మీద ఉన్న గుర్రం నొప్పిని దాచేస్తుంది. డాక్టరు వెనక కాలును మడిచి నిమిషం, నిమిషంన్నర పట్టుకుని వదిలి ట్రాట్, అంటే మెల్లని పరుగు, చేయించి చూసే పరీక్షలో ఏమీ తేలదు.

నొప్పే అని తేలితే: మాత్ర, సూది, లాడం

వయసు మీద పడ్డ స్వారీ గుర్రంలో వెనక కాలి నొప్పి తరచుగా ఉండే చోటు హాక్. మన మడమ ఉన్న చోటు అనుకోండి. అది ఒకటే కీలు కాదు, ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు కొన్ని కీళ్లు. మడత అంతా దాదాపు పై కీలులోనే జరుగుతుంది. కింది రెండు చిన్న కీళ్లు పెద్దగా కదలవు, అరుగుదల సాధారణంగా వాటిలోనే. ఎంపికలన్నీ ఈ సంగతి చుట్టూనే తిరుగుతాయి. కదలని కీళ్లు అరిగి అరిగి చివరికి ఎముక అతుక్కుపోతే నొప్పి చాలావరకు పోతుంది, గుర్రం కొంచెం బిగువుగానైనా హాయిగా నడుస్తుంది. దానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. ఆ లోపు దాన్ని ఎలా గడపనివ్వాలి అన్నదే మన ప్రశ్న.

రోజూ వేసే నొప్పి మందు చవక, సులువు. ఒక్కో కీలుకే కాదు, ఎక్కడ నొప్పి ఉన్నా పని చేస్తుంది. నడుము, హాక్, స్టైఫిల్ అన్నీ కొంచెం కొంచెం నొప్పి పెట్టే గుర్రానికి ఇదే అక్కరకొస్తుంది. నష్టాలు పొట్టలో పుండ్లు, పెద్దపేగు వాపు, కిడ్నీలు. ముఖ్యంగా ఎండాకాలం నీళ్లు తక్కువ తాగే గుర్రానికి ప్రమాదం. గుర్రాల వాళ్లు బ్యూట్ అనే ఫినైల్‌బ్యూటజోన్ కీళ్లకు బలంగా పని చేస్తుంది కానీ డోసు కాస్త మించినా పేగు మీద పడుతుంది. మెలాక్సికమ్ రోజుకు ఒకసారి చాలు. నేను డాక్టరుతో మాట్లాడి మెలాక్సికమ్ వైపే వెళ్లాను. రెండు నొప్పి మందులు కలిపి ఎప్పుడూ వేయకూడదు. సైస్ పొద్దున ఒకటి, మేనేజరు సాయంత్రం ఇంకోటి వేసేసే ప్రమాదం మన లాయాల్లో నిజంగానే ఉంది, స్టాల్ తలుపు మీద పలక వేలాడదీసి వేసిందల్లా రాయించండి.

మెలాక్సికమ్ ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం 2006లోనే నిషేధించారు, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో. ఈ మందులు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందుల కిడ్నీలు చెడిపోయి చనిపోతాయి. మెలాక్సికమ్ వాటికి హాని చేయదు. బెంగళూరుకు దగ్గర్లోనే, రామనగర దగ్గర రామదేవర బెట్ట మీద 2012 నుంచి రాబందుల అభయారణ్యం ఉంది. పాత లాయాల అల్మరాల్లో కీటోప్రొఫెన్ సీసాలు ఇంకా ఉంటే బయటపడేయించండి. ముసలి గుర్రం ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. దాని దేహం ఎటు చేరుతుందో అన్నిసార్లూ మన చేతిలో ఉండదు.

కీలులో వేసే సూది ఖరీదైనది. అసలు చోటు తేలాక మాత్రమే వేయించాలి. స్టెరాయిడ్, కొన్నిసార్లు దానితో హయలురోనిక్ ఆమ్లం. బాగా పని చేస్తే కొన్ని నెలలు గుర్రం మారిపోయినట్టు ఉంటుంది, రోజూ మాత్రల భారం తగ్గుతుంది. కానీ రెండు షరతులు. ఒకటి శుభ్రత, కీలులోకి క్రిమి వెళ్తే గుర్రాన్నే పోగొట్టుకోవచ్చు. దుమ్ము లేచే చోట, ఈగలు ముసిరే పూట ఒప్పుకోవద్దు, వెంట్రుకలు తీసి ఎంతసేపు కడుగుతున్నారో నిలబడి చూడండి. రెండోది గిట్టల వాపు, అంటే లామినైటిస్. మెడ మీద కొవ్వు గట్టిగా కట్టిన గుర్రానికీ, ఎండాకాలం వచ్చినా బొచ్చు రాలని ముసలి గుర్రానికీ ముందు ఇన్సులిన్, కుషింగ్స్ (ముసలి గుర్రాలకు వచ్చే హార్మోన్ జబ్బు) పరీక్షలు చేయించకుండా స్టెరాయిడ్ వద్దు.

నా తూకం ఇది. నొప్పి హాక్ కింది కీళ్లలోనే అని తేలి, గుర్రం సన్నగా, ఆరోగ్యంగా ఉంటే సూది. నొప్పి చాలా చోట్ల ఉంటే, లేదా గిట్టల భయం ఉంటే మాత్ర. చుక్కకు మేం మాత్రే ఎంచుకున్నాం, అదీ చలి రోజుల్లోనే.

అందరూ చివరికి నెట్టేసే లాడమే మొదట సరిచేయాల్సింది. వెనక గిట్ట మొన పొడుగ్గా, మడమ కిందికి వాలిపోయి ఉంటే ప్రతి అడుగులోనూ హాక్, నడుము ఎక్కువ శ్రమ పడతాయి. మొన గుండ్రంగా తీసి, అయిదారు వారాలకోసారి కత్తిరిస్తే మొదటి నెలలోనే తేడా తెలుస్తుంది. ఎనిమిది వారాలు వాయిదా వేస్తే మళ్లీ మొదటికొస్తుంది. నాల్‌బంద్, అంటే లాడాలు కొట్టేవాడు, కాలు పట్టుకునే ఎత్తు కూడా చూడండి. చుక్క లాడాలప్పుడు తన్నేది. పొగరు అనుకున్నాం. కాలు నడుము దాకా ఎత్తకుండా మోకాలి కిందే పట్టుకుని, మధ్యలో రెండుసార్లు దించి ఊపిరి తీసుకోనిస్తే ఒక్కసారి కూడా తన్నలేదు. నొప్పి ఉందని చెప్పడానికి దానికి వేరే దారి ఏముంది!

కీళ్ల కోసమని అమ్మే గ్లూకోసమైన్ పొడుల గురించి ఒక్క ముక్క. గుర్రాల్లో అవి పనిచేస్తాయన్న రుజువు బలహీనం. ఆ డబ్బు నాల్‌బంద్‌కు ఇవ్వండి.

దాణా తొట్టిలోకి ఒకసారి చూడండి

ఇది అన్ని గుర్రాలకూ వర్తించదు కానీ వర్తించిన చోట మందులన్నింటికంటే ఎక్కువ పని చేస్తుంది. మన లాయాల్లో గోధుమ తవుడు తడిపి పెట్టడం తరాల అలవాటు. తవుడులో కాల్షియం కంటే భాస్వరం ఎనిమిది, తొమ్మిది రెట్లు ఉంటుంది. గుర్రానికి కావాల్సింది కాల్షియమే ఎక్కువ, కనీసం సమానంగా. పైగా ఇప్పుడు పచ్చగడ్డి అంటే హైబ్రిడ్ నేపియరే, ఆవుల కోసం వేసినది. నేపియర్‌లో ఉండే ఆక్సలేట్ ఉన్న కాల్షియాన్ని కూడా కట్టిపడేస్తుంది. ఆవుకు కడుపులో సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి, గుర్రానికి ఆ సౌకర్యం లేదు. ఒంట్లోకి కాల్షియం రాకపోతే ఎముకల్లోంచి తీసుకుంటుంది. ఇవాళ ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటడం, అడుగు బిగువుగా వేయడం, ముదిరితే దవడ ఎముక ఉబ్బడం. పిండిమరల దగ్గర తవుడు తిని బతికిన గుర్రాలకు వచ్చేదని ఇంగ్లిషు వాళ్లు దీన్ని మిల్లర్ల జబ్బు అన్నారు.

మేం తవుడు పూర్తిగా ఆపాం. నేపియర్ బదులు రోడ్స్ గడ్డి, రోజుకు కొంత లూసర్న్. లూసర్న్‌లో కాల్షియం పుష్కలం. మార్పు రెండు వారాల్లో నెమ్మదిగా చేయండి, లేకపోతే కడుపునొప్పి వస్తుంది. ఎండుగడ్డి మీదే బతికే నగరపు గుర్రాలకు విటమిన్ ఈ కూడా తక్కువ పడుతుంది, పచ్చిక ఎండితే అది పోతుంది. నరాలకు, కండరాలకు అది కావాలి కాబట్టి తూలే గుర్రానికి రక్తంలో విటమిన్ ఈ ఎంతుందో చూపించడం మంచిది. సెలీనియం కలిపిన పొడులు మాత్రం చూసుకుని వాడండి, అది ఎక్కువైతే విషం.

కట్టేసి ఉంచడమా, తిప్పడమా

కీళ్ల నొప్పికి కట్టేయడం అంత చెడ్డది ఇంకోటి లేదు. పన్నెండు అడుగుల స్టాల్‌లో రాత్రంతా నిలబడ్డ హాక్ పొద్దున్నే ఎలా కదులుతుంది? పగలంతా కంచె వేసిన చిన్న ప్యాడక్‌లో వదిలేయడం, రోజూ తిన్నని దారిలో చేతిపట్టున నడిపించడం మందుతో సమానం. డిసెంబరు, జనవరి పొద్దుల్లో జీను వేసే ముందు పావుగంట నడక తప్పనిసరి. లంజింగ్ (పొడవాటి తాడు పట్టుకుని గుండ్రంగా తిప్పడం), చిన్న చుట్లు మానేయండి.

తూలే గుర్రానికి లెక్క మారుతుంది. మొదటి రోజుల్లో చదునైన, జారని, చిన్న చోటు కావాలి. ఒంటరిగా వదిలేయక్కర్లేదు, కనిపించేంత దూరంలో ఇంకో గుర్రం ఉండాలి, లేకపోతే దాని కోసం పరుగెత్తి పడుతుంది. సిమెంటు గచ్చు తడిస్తే దానికి గండమే, రబ్బరు చాపలు వేయించండి. మన ఎర్రమట్టి వానకు సబ్బులా జారుతుంది, గేటు దగ్గర నాలుగు తట్టల ఇసుక పోయించినా చాలు.

క్యారెట్ వ్యాయామం రెండు రకాల గుర్రాలకూ పనికొస్తుంది, బాగా తూలే గుర్రానికి డాక్టరు సరేనన్నాకే. గుర్రాన్ని గోడ పక్కన నిలబెట్టి క్యారెట్‌ను ఛాతీ దగ్గరికి, పక్కటెముకల దగ్గరికి, తొడ దగ్గరికి చూపించి తల అక్కడ కాసేపు ఆగేలా చేయాలి. వారానికి 5 రోజులు, 3 నెలలు చేస్తే వెన్ను పక్క కండరాలు లావెక్కుతాయి.

దోమల విషయంలో మేం చేసింది: పక్క రైతుతో మాట్లాడి కొట్టం వెనక నీటిగుంట పూడ్పించాం. స్టాల్‌కు దోమతెర, సందెవేళ ఫ్యాను, దోమల కాలంలో డాక్టరు చెప్పిన ప్రకారం ఐవర్‌మెక్టిన్. ఆవులను తోలేయమని అడగడం న్యాయం కాదు, అవి ఆ ఇంటి బతుకు.

ఎక్కడమా, మానడమా, ఊరికి పంపడమా

కీళ్ల బిగువుతో ఉన్న గుర్రాన్ని తేలికపాటి మనిషి, వేడెక్కాక, మెత్తని నేల మీద ఎక్కొచ్చు, డాక్టరు సరేనంటే. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది సాధారణ లెక్క. వెనక కాళ్లు నొప్పి పెట్టే ముసలిదానికి నేను 15 దగ్గరే ఆగుతాను. తూలుడు ఉన్నంతకాలం మాత్రం ఎవరూ ఎక్కకూడదు. "నెమ్మదిగా నడిచే పిల్లల గుర్రంగా పనికొస్తుంది కదా" అని ఎవరో ఒకరు అంటారు. పిల్లలకే అసలు వద్దు, గుర్రం మోకాళ్ల మీద పడితే పిల్ల దాని మెడ ముందు పడుతుంది.

నన్నూ చాలామంది హిందూపురం పంపేయమన్నారు. అక్కడ మా పెద్దనాన్న తోట ఉంది, స్థలం ఉంది, ఎండ కాస్తుంది కాబట్టి కీళ్లకు మంచిది. అద్దె లేదు. చాలా రోజులు ఆలోచించాను. అక్కడ లేనిది అయిదు వారాలకోసారి వచ్చే నాల్‌బంద్, గుర్రం నడక చూసి చెప్పగలిగే కన్ను. కీళ్ల నొప్పి ఒక్కటే అయి, నిలకడగా ఉంటే పంపేదాన్ని, నెలకోసారి వెళ్లి చూసేదాన్ని. తూలుడు తిరగబెడుతుందేమో అన్న భయం ఉన్నంతవరకు మా సైస్ కళ్ల ముందే ఉంచుకున్నాను.

చుక్కకు రక్తంలో సర్రా దొరకలేదు. హాక్ కింది కీళ్లలో అరుగుదల ఎక్స్‌రేలో కనిపించింది. తూలుడుకు కుమ్రి అనే అనుమానంతోనే వైద్యం జరిగింది. నెల రోజుల్లో చుట్టు తిరగడం బాగుపడింది, వాలు దిగడం ఇంకా పూర్తిగా కాలేదు. ఎక్కడం మానేశాను. రోజూ పొద్దున నేనూ అదీ వేపచెట్ల వరస పక్కన రెండు కిలోమీటర్లు నడుస్తాం, నేను దాని ఎడమ భుజం దగ్గర.

ప్రతి నెలా ఒకటో తేదీన ఇసుక చదును చేసి, దంతె గీసి, అదే చోట, అదే ఎత్తు నుంచి వీడియో తీస్తున్నాను. మొదటిదాంట్లో ఎడమ గిట్ట మొన గీసిన గీత మూరెడు. మొన్నటిదాంట్లో బెత్తెడు.